ఆరు డిస్కులు, మూడు అరలు

పదకొండు శాతం. ఇంకా ఎనభైతొమ్మిది. ఒక్కో శాతానికి రెండు నిమిషాల లెక్కన భోజనాల వేళ కూడా దాటిపోతుంది, అప్పటిదాకా ఈ చలిగదిలో ప్లాస్టిక్ కుర్చీ మీద శాలువా కప్పుకుని కూర్చోవాలి, ఎందుకంటే యంత్రాలకి చల్లదనం కావాలి, మనిషికేం కావాలో ఈ ఆసుపత్రిలో రోగుల్నే అడగరు, డిస్కుల సారుని అడుగుతారా. డిస్కుల సారు. ఇరవై రెండేళ్ళ సర్వీసుకి దక్కిన బిరుదు అది. ఎదురుగా ఇనుప బీరువాలో ఆరు డిస్కులు, ఆరు పచ్చదీపాలు, అన్నీ ఒకేసారి టపటపా కొట్టుకుంటున్నాయి, పాత సమాచారం మీద సున్నాలు రాసుకుంటూ, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పొలం దున్నుకుంటూ పోయినట్టు, మొదటి నుంచి చివరికి. ఈ ఆరింటినీ కలిపి మూడు వాల్యూములు చెయ్యాలని పెద్ద డాక్టరు హుకుం. ‘వేగం’ ఒకటి, ‘భద్రం’ ఒకటి, ‘నకలు’ ఒకటి. పేర్లు కూడా ఆయనే పెట్టాడు, కన్నతండ్రిలా. ఇన్నాళ్ళూ రెండు చోట్లే దాచాం, ఇకనుంచి మూడు చోట్ల దాద్దాం అన్నాడు మీటింగులో, బల్ల మీద మూడు వేళ్ళు ఆనించి. మూడు చోట్లట! ఒక బీరువాకి మూడు అరలు కొట్టిస్తే మూడు బీరువాలవుతాయా? ప్రతి వాల్యూమూ ఆరు డిస్కుల్లోనూ తలా ఒక ముక్క కోసుకుని కూర్చుంటుంది. ఒకదాన్ని వేగంగా పనిచేసేలా కట్టుకోవచ్చు, ఇంకోదాన్ని ఒక డిస్కు పోయినా తట్టుకునేలా కట్టుకోవచ్చు, అంతవరకూ మేలే. బీరువాకే నిప్పంటుకుంటే మాత్రం ఏ అరలో మడతపెట్టిన బట్టయినా బూడిదే. ఈ మాట మీటింగులో చెప్పొచ్చు. చెప్పలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం అతనికి ఏనాడూ సరదా కాదు. అలాగే సార్ అని తల ఊపి వచ్చేశాడు. మూర్ఖుడికి నచ్చజెప్పడం కన్నా మూర్ఖుడు అడిగింది చేసిపెట్టడం తేలిక, పైగా ఆ తర్వాత మనసులో నవ్వుకోవచ్చు.

పద్నాలుగు. నవ్వుకోవడానికి ఇక్కడ కొదవేం లేదు. ఈ డిస్కులు అమ్మిన కంపెనీ మనిషి ఒకడొచ్చాడు ఆమధ్య, మెడలో పట్టీ, పట్టీకి కార్డు, కార్డు మీద మొహానికి లేని నవ్వు. మీ ఆసుపత్రికి ఎన్ని వాల్యూములైనా చేసుకోవచ్చు సార్ అని ఊదరగొట్టి పోయాడు, ఆ కూతే పెద్ద డాక్టరు చెవిన పడింది. ఎద్దు ఈనిందని ఒకడంటే దూడని కట్టెయ్యమని ఇంకొకడు. ఇక మైకు మాస్టారు సరేసరి. ఒకప్పుడు నాటకాలకి మైకులు కట్టిన మనిషి, ఇప్పుడు రెండో అంతస్తులో దుప్పట్లు వేలాడదీసిన గదిలో రోగుల గొంతులు రికార్డు చేస్తాడు. గొంతులో జబ్బు ముదిరి స్వరపేటిక తీసెయ్యాల్సిన వాళ్ళని ఆపరేషనుకి ముందు ఆ గదిలో కూర్చోబెట్టి మూడువందల వాక్యాలు చదివిస్తారు. ఆ రికార్డింగులు పట్టుకెళ్ళి ఎక్కడో ఒక కంపెనీవాళ్ళు, ఆ మనిషి మాటే పలికే చిన్న యంత్రం తయారుచేసి ఇస్తారు. వేళ్ళతో టైపు చేస్తే తన గొంతుతోనే పలుకుతుంది. మంచి పనే, కాదనడు. ఆ మంచి పనంతా చెప్పులు చప్పుడు కాకుండా నడిచే ఒక మెత్తని మనిషి చేతిలో పెట్టారు, అదే డిస్కుల సారు బాధ. మైకు మాస్టారు ఏ మాటా ఒక్కసారికి అర్థం చేసుకోడు. ఫైలు ఎక్కడ పెట్టాలి సార్, ఈ పేరే పెట్టమంటారా సార్, ఈ బొత్తాం నొక్కితే ఏమీ కాదు కదా సార్. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ప్రతి మాటకీ సార్ తగిలించి, తలుపు దగ్గరే నిలబడి, లోపలికి రమ్మనేదాకా రాకుండా. అలాంటి వినయం చూస్తే డిస్కుల సారుకి ఒళ్ళు మండుతుంది. అడగడం కూడా ఒక బద్ధకమే అని అతని సిద్ధాంతం, బుర్ర వాడకుండా ఎదుటివాడి బుర్రని వాడుకోవడం.

పదిహేడు. పొద్దున ఆ మనిషినే అడిగాడు, అన్నీ తీసేశారా, ఈ డిస్కులు చెరిపేస్తున్నాను అని. కాపీ పెట్టేశాను సార్, మొన్ననే పూర్తయింది, సరిచూసుకున్నాను కూడా అన్నాడు మాస్టారు, ఇంకా ఏదో చెప్పబోయాడు, అతని మాటలు మొదలైతే తెగవు కనక సరే సరే అని ఫోను పెట్టేశాడు. డి, ఇ అన్న పాత వాల్యూములు రెండూ తనే రద్దు చేశాడు. డిస్కుల్లో ఉన్నదంతా పోతుంది, సరేనా అని అడిగింది తెర. సరే అన్నాడు. అడగడంలో మైకు మాస్టారికి ఏమీ తీసిపోదు ఆ తెర కూడా.

ఆ రికార్డింగుల్లో అక్కది కూడా ఉంది. ఆపరేషను అయి తొమ్మిది రోజులు. ముప్పైమూడేళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన గొంతు, మూడు వరసల అవతల నిద్రపోతున్న పిల్లాడి చెవి మెలిపెట్టిన గొంతు, కూరగాయల బండివాడి నుంచి పెద్ద డాక్టరు దాకా ఎవరినీ వదలని గొంతు, ఇప్పుడు మెడ దగ్గర ఒక చిల్లు, చిల్లుకి గాజుగుడ్డ. మిగిలిందల్లా ఆ మూడువందల వాక్యాలే. సోమవారం కంపెనీకి పంపాలి. రికార్డు చేస్తున్న పన్నెండు రోజులూ మైకు మాస్టారిని ఉతికి ఆరేసిందట. దయచేసి తలుపు తీయండి అని చదవమంటే, తలుపు తియ్యమని దయచేసి ఎవడయ్యా అడుగుతాడు, ఈ వాక్యాలు రాసినవాడు ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడతాడా అందట. ఆ సంగతి మాస్టారే చెప్పాడు, మురిసిపోతూ. తిట్టించుకుని మురిసిపోయేవాణ్ణి ఏమనాలి? అక్క తిట్టు రుచి ఇతనికి కొత్త, అందుకని. ఇంట్లోవాళ్ళకి అది రోజూ మూడు పూటలా వడ్డించిందే.

ఇరవై ఒకటి. ఏడెనిమిదులు ఎంత అని అడిగేది అక్క, వంటగది గడప మీద కూర్చుని, అతనికి ఎనిమిదేళ్ళు, ఆమెకి పదహారు, అమ్మ పనికి వెళ్ళిన ఇంట్లో అన్నం పెట్టేదీ ఎక్కాలు అప్పజెప్పించుకునేదీ ఆమే. యాభై నాలుగు అన్నాడొకసారి. అక్క నవ్వలేదు, కొట్టలేదు, పక్కింటి గోడకేసి ఒకసారి చూసి గొంతు తగ్గించి, “యాభై నాలుగట. ఎవరితోనూ అనకురా, పరువు పోతుంది” అంది. అంతే. ఆ రోజు నుంచి తెలియదు అన్న మాట అతని నోట రాలేదు. తెలియనిది ఎదురైతే రహస్యంగా తెలుసుకుని, అది పుట్టుకతోనే తెలిసినట్టు మాట్లాడటం నేర్చుకున్నాడు. ఆ తర్వాత తెలియదన్నవాడు ఎవడు కనబడినా వాడి నెత్తిన అదే యాభై నాలుగు మొట్టడం నేర్చుకున్నాడు. వెటకారం వాళ్ళింట్లో ఆస్తి, అక్కాతమ్ముళ్ళు సమంగా పంచుకున్నారు. కాకపోతే అక్క అన్న మాట ఎదుటివాణ్ణి మళ్ళీ ఎక్కం చదివించేది. అతను అన్న మాట ఎదుటివాణ్ణి గది బయటికి పంపించేది. ఈ తేడా ఇప్పుడెందుకు తడుతోంది, చలికి బుర్ర గడ్డకడుతోందేమో.

ఇరవై నాలుగు. నిన్న సాయంత్రం వార్డుకి వెళితే బావ కబుర్లు చెబుతున్నాడు. బావ! పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఊఁ అనడం తప్ప ఇంకో అక్షరం పలకని మనిషి, ఇప్పుడు పక్క మంచాలవాళ్ళని పోగేసి, తన ఉద్యోగం గురించి, తను ఎక్కిన రైళ్ళ గురించి, తను ఒంటిచేత్తో పట్టుకున్న దొంగ గురించి. ఇల్లాలికి గొంతు పోతే తనకి గొంతు మొలిచినట్టు. అక్క మంచం మీద కూర్చుని పలక మీద రాసి చూపించింది, దొంగ కాదు, పాలవాడు అని. బావ చూడనట్టు నటించి కథ సాగించాడు. ఆమె పలకని మంచం పట్టీకేసి కొట్టింది, టక్కు టక్కుమని, ఎవరూ వెనక్కి తిరగలేదు. పలక చప్పుడు ఎవరు వింటారు. అప్పుడు ఆమె మొహంలో కనబడినదాన్ని డిస్కుల సారు ఇంతకుముందెప్పుడూ చూడలేదు. కోపం కాదు. ఒక పెద్దమనిషి రద్దీలో చెయ్యెత్తి నిలబడితే బస్సు ఆగకుండా పోయినప్పటి మొహం. అతని వైపు తిరిగి పలక తుడిచి రాసింది, సోమవారం కదా? సోమవారమే అన్నాడు. యంత్రం ఎన్నాళ్ళకి వస్తుంది? ఆరు వారాలు అన్నాడు. ఆమె ఆరు అని రాసి దాని కింద రెండు గీతలు గీసుకుంది. అతనికి ఆ గొంతంటే ఇష్టమని ఎప్పుడూ అనుకోలేదు. ఆ గొంతు లేకపోతే ఇంట్లో ఏముంటుందో నిన్న చూశాడు, బావ రైలు కథలుంటాయి.

ఇరవై ఎనిమిది. పచ్చగీత పాకుతోంది, దీపాలు కొట్టుకుంటున్నాయి, ఫ్యాన్ల హోరు చెవుల్లో గూడు కట్టుకుంది. గొంతు మళ్ళీ రికార్డు చెయ్యడానికి ఉండదు. రోడ్డు పోతే మళ్ళీ వేస్తారు, గోడ కూలితే మళ్ళీ కడతారు, ఈ మూడువందల వాక్యాలు మాత్రం ఒక్కసారే. అలాంటి వస్తువుని మైకు మాస్టారు ఎక్కడ కాపీ పెట్టాడో. ఎక్కడో పెట్టి ఉంటాడు, విడి డిస్కు ఏదో కొని ఉంటాడు, ఆఫీసులో ఇప్పించి ఉంటారు. ఇప్పిస్తే తన సంతకం లేకుండా ఇప్పించరే. సొంతానికి కొని తెచ్చాడేమో, అంత చాదస్తం ఉంది ఆ మనిషికి. అయినా పోయిన వారం అతను తలుపు దగ్గర నిలబడి ఏదో అడిగాడు. తను ఫోనులో డిస్కుల కంపెనీ మనిషిని చీల్చి చెండాడుతున్నాడు. మాస్టారు ఏదో అడిగాడు, తను ఫోను పక్కకి తిప్పి ఏదో అన్నాడు, కళ్ళు లేవా అన్నాడు, అది బాగా గుర్తుంది, ఎందుకంటే మాస్టారు నిజంగా కళ్ళజోడు సర్దుకున్నాడు, అది చూసి నవ్వొచ్చింది. ఏం అడిగాడో మాత్రం. ప్రతి చెత్త ప్రశ్నా గుర్తుపెట్టుకుంటే బుర్రకి కూడా వాల్యూములు చెయ్యాల్సి వస్తుంది.

ముప్పై రెండు. ముప్పై మూడు. మాస్టారికి ఫోను చేసి అడిగితే పోయేదేముంది? పోతుంది. ఏంటి సార్, చెరపడం మొదలుపెట్టాక అడుగుతున్నారా అనడు ఆ మనిషి, అనే రకం కాదు, అనుకుంటాడు. ముప్పై నాలుగు. ఆ మనిషి ఏదో అనుకుంటాడని ఇతను బెంగపడటమా! కందకి లేని దురద కత్తిపీటకెందుకు. కాపీ పెట్టినవాడికే లేని భయం తనకెందుకు.

ముప్పై ఆరు. తలుపు మీద వేలితో రెండుసార్లు తట్టిన చప్పుడు. మైకు మాస్టారే, చేతిలో టీ ఫ్లాస్కు, గడప అవతల.

“చలిలో కూర్చున్నారని తెచ్చాను సార్. ఇంకా చాలాసేపు పడుతుందా?”

“పడుతుంది. అక్కడ పెట్టండి.”

“డి డ్రైవు అయిపోతే చాలు కదా సార్. నా మిషన్లో ఇ డ్రైవు కూడా కనబడటం లేదు, అదెప్పుడు వస్తుందో అడుగుదామని. కాపీ అంతా అందులోనే కదా ఉంది.”

అతను కుర్చీలోంచి లేవలేదు. లేచాననుకున్నాడు.

“ఎందులో?”

“ఇ లో సార్. డి లోవన్నీ ఇ లో పెట్టాను. పోయిన వారం అడిగాను కదా, ఈ రెండూ వేరే వేరే డిస్కులేనా అని. వేరు వేరే, కళ్ళు లేవా అన్నారు.”

వేరు వేరే, కళ్ళు లేవా. అవును, ఆ మాటే. తెర మీద వేరు వేరుగానే కనబడతాయి, రెండు పేర్లు, రెండు బొమ్మలు, తెలియనివాడికి రెండు డిస్కులే. తెలిసినవాణ్ణి అడిగాడు. అడగాల్సినది, అడగాల్సిన మనిషిని, అడగాల్సిన రోజున అడిగాడు. తెలిసినవాడు ఏమన్నాడు? పెద్ద డాక్టరు అజ్ఞానానికి పది రోజులుగా లోలోపల నవ్వుకుంటున్న మహా జ్ఞాని, అదే అజ్ఞానాన్ని నిజమని ముద్రవేసి మాస్టారి చేతిలో పెట్టాడు, ఫోను సగం కూడా దించకుండా. ఇ ఎంత నిండి ఉందో పొద్దున ఒక్కసారి చూసినా తెలిసేది. చూడలేదు. ఇ అంటే మాస్టారి చిత్తుసామాను అనుకున్నాడు.

ముందుకి వంగి నొక్కాడు. ఆపు అన్న బొత్తాం. నిజంగా ఆపాలా అంది తెర. ఆపు. దీపాలు ఒక్కొక్కటే కొట్టుకోవడం మానేసి నిలకడగా వెలిగాయి. ముప్పై ఏడు శాతం. డిస్కుల ముందుభాగం డి, వెనకభాగం ఇ, సున్నాలు ముందునుంచి దున్నుకుంటూ వస్తున్నాయి, డి లో ఉన్న అసలు రికార్డింగులు పోయినట్టే, మధ్యలో గట్టు ఎక్కడ? గట్టు దాటిందా లేదా? పాత వాల్యూములు చేసిన రోజు సగం సగం చెయ్యమన్నాడు పెద్ద డాక్టరు. సగం సగమే చేసి ఉంటే ఇప్పుడు ఇంకా బోలెడు జాగా మిగిలేది. తను చెయ్యలేదు. ఆయన సగమన్నాడు కనక, కేవలం ఆయన అన్నాడు కనక, డి ని నలభై చేశాడు. నలభైయేనా? ముప్పై అయిదా? ఆయనకి తెలియకుండా ఎంత కోశానో చూడమని ఆ రోజు సాయంత్రం ఇంటికెళ్ళి అక్కతో గొప్పగా చెప్పుకున్నాడు, నలభైకి కుదించాను, ఆయనకి పట్టనేలేదు అని. అంత మురిపెం దేనికిరా, ఎవరికి లాభం అంది అక్క. నలభై. అక్క పెట్టిన చీవాటులోనే అంకె దొరికింది. మూడు శాతం, ఆరు నిమిషాలు. మాస్టారు టీ పట్టుకుని మెట్లెక్కడానికి కాస్త ఆలస్యమై ఉంటే, మధ్యలో ఎవరైనా పలకరించి ఉంటే. తన దగ్గర ఎవరూ ఆగి పలకరించరు కనక తనకి ఆ ఊహ కూడా సరిగ్గా రావడం లేదు.

ఇప్పుడు చెయ్యాల్సింది మహా జ్ఞానికి తెలుసు. పొద్దున కట్టిన మూడు వాల్యూముల్నీ కొట్టేసి, పాత రెంటినీ మళ్ళీ అదే వరసలో, అదే కొలతతో కట్టి, చెరపకుండా ఉంచాలి. కొలత ఒక్క అంగుళం తప్పితే వెనకభాగంలో ఉన్నదంతా అర్థంలేని అంకెలే. పాత గట్లు పాతచోటే వేస్తే పొలంలో మిగిలిన పంట కనబడుతుంది. డిస్కులు ఆరు. మొదటిది నలభై. రెండోది మిగిలిందంతా. సున్నాలు రాయాలా అంది తెర. వద్దు. వద్దు అని పైకే అన్నాడు. మాస్టారు ఫ్లాస్కు కింద పెట్టలేదు, మూత తియ్యలేదు, ఏమయింది సార్ అని కూడా అడగలేదు. మనిషి మొహం చూస్తే తెలియనంత తెలివితక్కువవాడేం కాదు. డి వచ్చింది, ఖాళీ డబ్బాలా, ఏ పేరూ లేకుండా. ఇ రాలేదు. ఇ రాలేదు. ఇ వచ్చింది.

నవ్విన నాపచేనే పండింది. మాస్టారి చాదస్తం వరసగా పేర్చిపెట్టి ఉంది అందులో, ఒక్కో రోగికి ఒక్కో సంచి, ప్రతి సంచిలో ఒకటి నుంచి మూడువందల దాకా ఫైళ్ళు. డిస్కుల సారు తన బ్యాగులోంచి విడి డిస్కు తీశాడు, సొంతానిది, దాన్ని తగిలించి అన్నిటికన్నా ముందు అక్క సంచిని అందులోకి తోశాడు, అది పోతుండగానే పాడైందేమో చూడాలి కనక చిట్టచివరి ఫైలు తెరిచాడు. మూడువందలూ అయిపోయాక కూడా మైకు ఆపడం మరిచిపోయినట్టుంది, కుర్చీ జరిపిన చప్పుడు, దగ్గు, మంచినీళ్ళు తాగిన చప్పుడు. తర్వాత ఆ గొంతు. తొమ్మిది రోజుల తర్వాత, చలిగది నిండా, ఫ్యాన్ల హోరుని తోసుకుంటూ.

“ఇవన్నీ ఎక్కడ దాస్తారయ్యా?”

“కంప్యూటర్లో ఉంటాయమ్మా. మీ తమ్ముడుగారే చూస్తారు.”

“వాడా?” దగ్గు. “అయితే బెంగ లేదు. నోరు మంచిది కాదు గానీ, పని దగ్గర వాడి మాట మాటే. వాడు ఒకటి చెప్పాడంటే ఇక రెండోసారి అడగక్కర్లేదు. ఈ సంగతి వాడితో అనకు, నెత్తికెక్కుతాడు.”

ఫైలు ఆగిపోయింది. అతను తెరకేసే చూస్తూ కూర్చున్నాడు, తల తిప్పితే మాస్టారి మొహం కనబడుతుంది కనక. నలభై ఏళ్ళుగా ఆ నోటి నుంచి ఏ మాట కోసం కాచుకున్నాడో ఆ మాట వచ్చింది, వినడానికి అర్హత పోగొట్టుకున్న పూటే వచ్చింది. మాస్టారు గడప దాటి లోపలికొచ్చి, ఫ్లాస్కుని బల్ల చివర జాగ్రత్తగా పెట్టాడు.

“అందుకే సార్,” అన్నాడు మెల్లగా, “నేను మళ్ళీ అడగలేదు.”